మార్చిన పూస

టీ కణాలకు ఆదివారం లేదు. రోగాలతో పోట్లాడే ఆ తెల్ల రక్తకణాలకు వేళకు మేత పెట్టాలి, పాత నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయాలి, వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పసిపిల్లలు నయం, ఆకలేస్తే గుక్కపెట్టి ఏడుస్తారు, ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. ఇవి ఏడవవు. అలిగి, గుండ్రంగా ముడుచుకుని, అడుగుకు చేరి చచ్చిపోతాయి. అందుకని నడుము పట్టేసినా, ముందురోజు నుంచి తల పగిలిపోతున్నా, వదిన ఆ ఆదివారం కూడా చెప్పులేసుకుని ల్యాబుకు బయల్దేరింది.

అందరూ ఆమెను వదిన అనరు లెండి. ల్యాబులో మేడం అంటారు, భర్త "ఇదిగో" అంటాడు. వదిన అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే, ఆమె ఆడపడుచు. కానీ ఈ గొడవంతా ఆ ఆడపడుచు కంటి కోసమే కాబట్టి, మనమూ వదిన అనే అనుకుందాం.

ఆడపడుచు సిటీ బస్సు డ్రైవరు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. డిపోలో ఆమెకు పెట్టిన పేరు హారను. ఒకసారి బస్సు హారను మూగబోతే, కిటికీలోంచి తల బయటపెట్టి ఈమె వేసిన కేకకు ముందున్న లారీ పక్కకు తప్పుకుందట. ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. సొంత అన్నయ్య కూడా "మా హారనుకి ఎలా ఉంది?" అనే డాక్టర్లను అడిగేవాడు.

హారనుకు రక్తం జబ్బు చేసింది. అన్నయ్య మూలుగ తీసి ఆమెకు ఎక్కించారు, జబ్బు లొంగింది. హమ్మయ్య అని ఇల్లంతా ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో పీడ తగులుకుంది. అదొక వైరస్. మామూలు మనుషుల ఒంట్లో అది జీవితమంతా కిక్కురుమనకుండా పడుంటుంది. మూలుగ మార్పిడికి వేసిన మందులతో కాపలా పోయిన ఒళ్ళు దొరికేసరికి లేచి కూర్చుంది. కంటి వెనక ఉండే పల్చటి పొరను తినడం మొదలుపెట్టింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మిగిలింది. మొదటి మందుకు వైరస్ లొంగడం మానేసింది, రెండో మందు వేస్తే మూత్రపిండాలు చేతులెత్తేశాయి. ఇప్పుడు కంట్లోకే నేరుగా గుచ్చే ఇంజెక్షన్లతో కంటి డాక్టరమ్మ ఎలాగోలా రోజులు నెట్టుకొస్తోంది.

ఇక మిగిలిన దారి వదిన చేతిలో ఉంది. అదే ఆమె ఖర్మ.

ఆ పెద్దాసుపత్రి వెనక భవనంలో, కిటికీల్లేని గదుల్లో, వైరస్ మీదికి టీ కణాలను ఉసిగొల్పే పని ఆమెది. సంగతి ఏమిటంటే, వైరస్ దూరిన కణం ఆ సంగతి దాచుకోదు. వైరస్‌లోంచి ఓ చిన్న ముక్క తుంచి తన గోడకు బయటివైపు తగిలిస్తుంది, నాలో దొంగ దూరాడు చూడండ్రా బాబూ అన్నట్టు. ఆ ముక్కనే పెప్టైడ్ అంటారు. తొమ్మిది పూసల దండ అనుకోండి. ఒళ్ళంతా గస్తీ తిరిగే టీ కణాలు ఆ దండను గుర్తుపట్టి, ఆ కణాన్ని దొంగతో సహా చంపేస్తాయి. వచ్చిన చిక్కల్లా ఈ వైరస్ దండ గోడకు సరిగ్గా ఆనదు. ఇట్టే జారిపోతుంది. దాన్ని చూపించి టీ కణాలను లేపుదామంటే అవి బద్ధకంగా కాస్త కదిలి మళ్ళీ పడుకునేవి.

దానికి వదిన, ఆమె తోటివాళ్ళు ఏళ్ళ తరబడి కుస్తీపట్టి ఒక ఉపాయం కనిపెట్టారు. దండలో రెండో పూస మార్చేశారు. ఆ ఒక్క పూస మారిస్తే చాలు, దండ గోడకు బంకలా పట్టుకుంది. టీ కణాలు దాన్ని తీరిగ్గా చూశాయి, రెచ్చిపోయాయి, ఒకటి పదై పది వెయ్యై ఫ్లాస్కులో నీళ్ళు మసకబారేంతగా పెరిగాయి.

హారను కోసం అన్నయ్య రక్తం తీసుకున్నారు. మూలుగ ఆయనదే కాబట్టి కాపలావాళ్ళూ ఆయన దగ్గర్నుంచే రావాలి. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చొక్కా చేయి పైకి మడిచి, "ఎంత కావాలంటే అంత లాగండి, నాకేం ఫర్వాలేదు," అన్నాడు నర్సుతో. బయటికొచ్చాక భార్యను పక్కకు పిలిచి, "దాని కన్ను నీ చేతిలో పెడుతున్నా," అన్నాడు. అంత మాట ఎందుకనాలి మనిషి? ఆ మాట పడ్డప్పటి నుంచి వదినకు అన్నం సయించలేదు. పేషెంటు నీ బంధువు, ఆఖరి సంతకం నేనే పెడతానని డైరెక్టరు ముందే చెప్పాడు. సంతకం ఆయనదైనా కణాలను సాకేది మాత్రం ఈమే.

రోజూ సాయంత్రం ల్యాబు కోటు విప్పేసి, మూడో అంతస్తులో హారను గదికి వెళ్ళేది. వెళ్ళేసరికి కాళ్ళు పీకుతూ ఉండేవి. చెప్పులు వదిలి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కుర్చీలో కూలబడేది.

"ఏంటి వదినా, పేషెంటువి నువ్వా నేనా?" అనేది హారను. "జరుగుతా, పడుకో కాసేపు."

"నోర్ముయ్. ఎలా ఉంది?"

"ఎడమపక్క చీకటి. కుడిపక్క ముందు అద్దం మీద వాన పడుతున్నట్టుంది. వైపర్ లేదు." అని నవ్వేది. "నీ పిల్లలెలా ఉన్నారు?"

పిల్లలంటే కణాలు. ఈ ఇంట్లో వేరే పిల్లలు లేరు.

"బాగా పెరుగుతున్నాయి."

"అన్నయ్య రక్తంగా, తిండికేం లోటు చెయ్యవు."

హారను మాటలకు నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. రెండూ దాచుకోవడానికి ముక్కుగుడ్డ పనికొచ్చేది.

కణాలు నిజంగానే బాగా పెరిగాయి. పరీక్ష పెట్టిన రోజు ల్యాబంతా చంకలు గుద్దుకుంది. ఆ పరీక్ష చేసే పద్ధతి ఇది: మామూలు కణాలకు దండ పూస్తారు, కడుగుతారు, టీ కణాల ముందు పెడతారు. అవి ఎన్నింటిని చంపాయో లెక్కేస్తారు. ఈసారి దాదాపు అన్నింటినీ చంపేశాయి. డైరెక్టరు స్వయంగా గదిలోకొచ్చి కంప్యూటరు తెర మీద ఆ గీత చూసి, "ఇంత బాగా ఎప్పుడూ రాలేదమ్మా," అన్నాడు. ఆయన మెచ్చుకోవడమంటే మాటలు కాదు. ఎప్పుడూ పంటి నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టుకుని తిరిగే మనిషి. "శుక్రవారం ఇచ్చేద్దాం," అన్నాడు.

వదిన ఆ శుభవార్త పట్టుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ హారను కుడి కంటి ఫోటో తెర మీద పెట్టుకుని చూస్తోంది. నారింజ రంగు పొర, దాని మీద ఓ అంచు నుంచి పాకుతున్న తెల్లటి మరక, మరక చుట్టూ నెత్తురు చారలు. "ఇదిగో, ఇది దాటితే మధ్య చూపు పోతుంది," అని ఆవిడ పెన్ను మూతతో చూపించింది. "త్వరగా ఇవ్వండి."

వదిన ఆ తెల్ల మరక వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఈ వైరస్ గురించి ఎంత రాసిందో లెక్కలేదు, కానీ అది తింటున్న కన్ను తెలిసిన మనిషిది కావడం ఇదే మొదటిసారి. ల్యాబుకు తిరిగొస్తూ మెట్ల మీద ఆగిపోయింది. మన పరీక్షలో ఈ మరక ఎక్కడుంది? ఈ వైరస్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. మార్చిన దండతో పెంచాం. పరీక్షా మార్చిన దండతోనే పెట్టాం.

అది ఆ ల్యాబు అలవాటు. అసలు దండ పూసి కడిగితే సగం నీళ్ళలో కొట్టుకుపోయేది, అంకెలు రోజుకో రకంగా వచ్చేవి. మార్చినదైతే నిలిచేది, గీత చక్కగా వచ్చేది. అందుకని ఎప్పటినుంచో పరీక్షకూ దాన్నే వాడుతున్నారు. ఎవరూ మోసం చేద్దామని చేసింది కాదు, పని సుఖం కోసం చేసుకున్నదే. రెండు దండలకూ తేడా ఒక్క పూసేగా, అదీ గోడవైపు ఉండే పూస, గస్తీవాడికి కనపడేది కాదు కదా అనుకున్నారు. చదువుకున్నవాళ్ళే అనుకున్నారు. ఒక్కొక్కసారి ఆ వెనక పూస మారితే ముందున్న పూసలు కొద్దిగా ఎత్తు లేస్తాయని, దండ మొహమే మారిపోతుందని వాళ్ళకు తెలీక కాదు. తెలిసిన సంగతులన్నీ పని ఒత్తిడిలో గుర్తుంటాయా!

వదిన ఎవరికీ చెప్పకుండా అసలు పరీక్ష పెట్టింది. హారను చర్మంలోంచి ఇదివరకే తీసి పెంచుతున్న కణాలున్నాయి. వాటికి నిజం వైరస్ అంటించింది. అది పట్టుకునేదాకా ఆగి, వాటి ముందు తన బంగారు టీ కణాలను వదిలింది.

తర్వాత ఫలితం చూసింది. మైక్రోస్కోపులో ఉబ్బిపోయి, గుడ్లు తేలేసినట్టున్న జబ్బు కణాలు దర్జాగా కూర్చునున్నాయి. వాటి చుట్టూ టీ కణాలు సంతలో జనంలా తిరుగుతున్నాయి. తిరుగుతున్నాయి, అంతే. పట్టించుకోవడం లేదు. నిలబడి, చూసి, చంపినవి వందకు నాలుగో ఐదో. మిగతావన్నీ మార్చిన దండను తప్ప దేన్నీ ఎరగవు. నెలల తరబడి కడుపు మాడ్చుకుని సాకింది ఈ దద్దమ్మలనా అని ఆమెకు ఏడుపొచ్చింది. స్టూలు మీద కూర్చుని నిజంగానే ఏడ్చింది, తొడుగులున్న చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు కాబట్టి కారనిచ్చింది.

డైరెక్టరు ఆ అంకెలు పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఆ పంటి నొప్పి మొహం మళ్ళీ వచ్చేసింది.

"ఈ పరీక్ష మన నిబంధనల్లో లేదు. ఎందుకు చేశావమ్మా?"

"చెయ్యాలనిపించింది సార్."

"లేనిపోని తద్దినం." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగైదు శాతం సున్నా కాదుగా. ఒంట్లోకెళ్ళి నిజం వైరస్‌ను చూస్తే ఆ కొన్నే పెరుగుతాయేమో."

"పెరగొచ్చు. మిగతా తొంభై ఐదూ ఏం చేస్తాయి సార్? వాటిని రెచ్చగొట్టి వదులుతున్నాం. వైరస్‌ని వదిలేసి ఆమె ఒంటి మీదే ఎక్కడైనా అలాంటి మొహం చూసి పడితే? ఊపిరితిత్తుల మీద పడితే?"

"పడతాయని నీకు తెలుసా?"

"పడవని మీకు తెలుసా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ గదికి కిటికీ లేదు, అయినా అలవాటుగా అటు చూశాడు. "చూడమ్మా, కన్ను పోతే పోయిందని మనల్నెవరూ అడగరు. జబ్బు తీసుకెళ్ళింది అంటారు. ఇచ్చాక ఏదైనా అయితే అడుగుతారు. నేను అదంతా తెలిసే అంటున్నా, సంతకం పెట్టమంటే పెడతా. నువ్వు చెప్పు."

ఎంత సులువుగా అనేశాడో! ఆఖరి మాట తనదన్నవాడు, తీరా ఆఖరికి వచ్చేసరికి ఆ మాట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. వదినకు ఆయన మీద కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి.

"వద్దు సార్," అంది. "ఇదే గుంపుకు ఇప్పుడు అసలు దండ చూపిస్తా, జబ్బు కణాలనే చూపిస్తా. పట్టించుకున్న ఆ నాలుగింటినీ ఏరి మళ్ళీ పెంచుతా."

"అన్ని వారాలు కన్ను ఆగుతుందా?"

ఆమె ఆ అంకెల కాగితాలు తీసుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరికీ ఒకేసారి చెప్పింది. హారను మంచం మీద కూర్చుంది, అన్నయ్య పని బట్టల్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతులకు గ్రీజు పూర్తిగా వదల్లేదు. వదిన నీళ్ళు నమలకుండా చెప్పేసింది. మనం పెంచినవి దొంగను కాదు, మనం మార్చిన దొంగ ఫోటోను గుర్తుపడుతున్నాయి. శుక్రవారం ఇవ్వడం లేదు. మళ్ళీ తయారుచేస్తాను. ఈలోగా కన్ను నిలబడుతుందని మాట ఇవ్వలేను.

హారను మిగిలిన కంటితో ఆమెను చూడడానికి తల కాస్త పక్కకు తిప్పింది. "నువ్వు ఏదిస్తే అదే వదినా. బస్సు నీది, నేను ప్యాసింజర్ని."

అన్నయ్య భార్యను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాక అన్నాడు.

"మీ డైరెక్టరు ఇస్తానన్నాడా లేదా?"

"అన్నారు."

"మరి అడ్డం పడ్డది నువ్వా!"

"నెమ్మదిగా మాట్లాడండి."

"ఏం నెమ్మది? లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే, మోటారు విప్పి బాగుచేసి అప్పుడు తీస్తామా? తలుపు వంచైనా ముందు బయటికి లాగుతాం. నాలుగే పనిచేస్తాయన్నావు, ఆ నాలుగే ఇవ్వు! ఏమీ లేనిదానికి నాలుగు నయం కాదా?"

"తలుపు వంచబోయి తాడు తెంపకూడదుగా. అది చచ్చిపోతే?"

"నాకు కథలు చెప్పకు." ఆయన గది వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ చీకటైపోతున్నది నా చెల్లెలికి. నీకేం, ఇంకో ఫ్లాస్కు పెట్టుకుంటావు."

ఆ మాట అన్నందుకు ఆయన మొహమే మాడిపోయింది. కానీ వెనక్కి తీసుకోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. లిఫ్టు పక్కనే ఉంది. ఎక్కలేదు.

తర్వాతి వారాల గురించి చెప్పడానికి ఏముంది? వదిన లేచింది, కణాలకు మేత పెట్టింది, జబ్బు కణాలు చూపించింది, పట్టించుకోనివాటిని చావనిచ్చింది, పట్టించుకున్నవాటిని ఏరింది, మూడో అంతస్తుకు వెళ్ళింది, ఇంటికొచ్చింది. ఏరినవి ముక్కుతూ మూలుగుతూ పెరిగాయి. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో భర్త "తిన్నావా?" అనేవాడు, "తాళం తీసుకెళ్ళు" అనేవాడు. అంతకు మించి నోరు మెదపలేదు. కొట్లాడినా బాగుండేదని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది.

హారను కంటి ముందు వాన ఎక్కువైంది. మొదట కంటి డాక్టరమ్మ చూపించిన వేళ్ళు హారను లెక్కపెట్టలేకపోయింది. తర్వాత చెయ్యి ఊపితే ఏదో కదిలిందని మాత్రం చెప్పింది. ఓ రోజు వదిన గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాక, హారను తలుపు వైపే మొహం పెట్టి, "వచ్చింది నువ్వేనా వదినా? చెప్పుల చప్పుడు నీదే," అంది. ఆ రోజు ముక్కుగుడ్డ తడిసిపోయింది.

రెండోసారి పెంచిన కణాలను జబ్బు కణాల ముందు వదిలినప్పుడు అవి నిలబడ్డాయి, చూశాయి, చంపాయి. అన్నింటినీ కాదు కానీ సగానికి పైగా. గీత అంత అందంగా లేదు. డైరెక్టరు మెచ్చుకోలేదు, మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఒక చిన్న సంచీలో, మసక నీళ్ళలా, అవి హారను చేతి నరంలోకి దిగాయి. హారను జ్వరం తెచ్చుకుంది, వణికింది, తేరుకుంది. రక్తంలో వైరస్ తగ్గింది, ఇంకా తగ్గింది, చివరికి వెతికినా దొరకలేదు. కంటి వెనక తెల్ల మరక పాకడం ఆగిపోయింది.

ఆగింది, కానీ మధ్యకు వచ్చి ఆగింది. "ప్రాణానికి ఢోకా లేదు," అంది కంటి డాక్టరమ్మ వరండాలో, వదిన చెయ్యి పట్టుకుని. "వెలుతురు, చీకటి తెలుస్తాయి. అంతకు మించి ఇక రాదు. మీరు చెయ్యగలిగింది చేశారు." పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు. "చెయ్యగలిగింది" అన్న దగ్గర ఆయన తల తిప్పుకున్నాడు.

అన్నావదినలు హారనును తమ ఇంటికే తెచ్చుకున్నారు. డిపో వాళ్ళు వచ్చి పలకరించి వెళ్ళారు, ఒకాయన ఏడుస్తుంటే ఆమే ఓదార్చింది, "ఊరుకోండి మామా, నేను లేకపోతే రోడ్డు మీద జనం హాయిగా ఉంటారు," అని. అన్నయ్య పనికి సెలవు పెట్టి, పడక గది నుంచి స్నానాల గది దాకా గోడకు ఇనుప కడ్డీ బిగిస్తున్నాడు. కొలుస్తాడు, రంధ్రం వేస్తాడు, సరిగ్గా లేదని పూడ్చి మళ్ళీ వేస్తాడు. ఎంతసేపైనా అదే పని. అలా ఓ మధ్యాహ్నం ఆయన మేకులు తేవడానికి వీధి చివరి దుకాణానికి వెళ్ళాడు. వదిన హారను పక్కన కూర్చుని ఆమె జడ చిక్కు తీస్తోంది.

"వదినా, ఒకటడుగుతా. సర్దిచెప్పకుండా చెప్పు."

"అడుగు."

"ఆ మొదటివి ఇచ్చుంటే నా కన్ను మిగిలేదా?"

దువ్వెన ఆగిపోయింది. ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని వదినకు తెలుసు. జవాబు మాత్రం ఇన్నాళ్ళలో ఒక్కటీ తయారు కాలేదు.

"తెలీదే," అంది చివరికి. "మిగలకపోవడానికే ఎక్కువ వీలుంది. నీకు ఇంకేదైనా అయ్యేది కూడా. కానీ ఆ నాలుగైదు లోపలికెళ్ళి పెరిగుంటే... ఏమో. ఏ పరీక్షా చెప్పలేదు. ఇక ఎప్పటికీ తెలీదు."

హారను జుట్టు భుజం మీదుగా ముందుకు వేసుకుంది.

"సరే," అంది. "నాకిది చాలు. లేదు, పోయేదే అనుంటే నమ్మేదాన్ని కాదు. తెలీదన్నావు చూడు, అది నీ మాట." తడుముకుంటూ వదిన మోచేయి పట్టుకుంది. "కానీ ఈ తెలీదన్నది అన్నయ్యకు చెప్పకు."

"ఏం?"

"రాత్రిళ్ళు వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు వదినా. నాకు కనపడదనుకుంటున్నాడు. వినపడదా ఏంటి?" ఆమె వదిన వైపు వంగింది. "నిన్ను తిట్టలేడు. అలాగని మర్చిపోలేడు. తెలీదంటే బతికున్నన్నాళ్ళూ దాన్నే నములుతుంటాడు. నువ్వొక్కసారి గట్టిగా చెప్పు. మొదటివి ఇచ్చినా మిగిలేది కాదని చెప్పు. ఇంకెవరు చెప్పినా నమ్మడు. నువ్వు అబద్ధం చెప్పవని అన్నయ్యకు తెలుసు."

"చూడనిది చూశానని ఎలా చెప్పను?" వదిన దువ్వెన పక్కన పెట్టేసింది. "ఆ ఒక్క మాట అనలేకేగా ఇంతదాకా తెచ్చుకున్నాను. ఆ రోజు డైరెక్టరుతో ఊఁ అనుంటే..."

"నా కన్ను పోయింది వదినా," అంది హారను. కేకలేసే మనిషి, మెల్లగా అంది. "మీరిద్దరూ కూడా విడిపోతే, నేను ఎవరింట్లో ఉండాలి?"

వీధి తలుపు చప్పుడైంది. అన్నయ్య కాగితం పొట్లంలో మేకులు పట్టుకుని లోపలికొచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగాడు. ఎప్పటిలాగే తలొంచుకుని కడ్డీ దగ్గరికి వెళ్ళిపోయేవాడే.

"ఏవండీ," అంది వదిన.

ఆయన ఆగాడు.

"మొదటివి ఇచ్చి ఉన్నా కన్ను మిగిలేది కాదు."

ఆయన పొట్లం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఊరికే అంటున్నావా? చూశావా?"

"చూశాను. మొదటివి కొన్ని దాచి ఉంచాం. మళ్ళీ పరీక్ష పెట్టాను. ఆ నాలుగూ కూడా నిలబడలేదు. ఇచ్చినా పోయేదే."

ఆమె అంకెలు చదివేటప్పుడు ల్యాబులో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. మోచేతి మీద హారను పట్టు బిగిసింది.

ఆయన మంచం దాకా వచ్చాడు. అక్కడే నేల మీద, చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయి, పొట్లం పక్కన పడేసి, మొహం చేతుల్లో దాచుకుని బావురుమన్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన మంచం దిగి పక్కన కూర్చుంటే, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి ఆమె భుజం మీద తల ఆనించాడు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే?" అన్నాడు.

"మీరు అడగలేదుగా," అంది వదిన.